గాలానికి పడింది ఏ సిక్లిడ్? రంగుకు మోసపోకుండా గుర్తుపట్టే పద్ధతి

ఒకసారి ఒకే మడుగులో, గంట లోపే, ఒకే రకం ఎరకి నాకు ఐదు చేపలు పడ్డాయి. ఒకటి బొగ్గులా నల్లగా ఉంది, గొంతు కింద మాత్రం సున్నం పూసినట్టు తెలుపు. మూడు వెండి రంగువి, పక్కల మీద రెండు మూడు మసక మచ్చలు. ఐదోది వేలెడంత పిల్ల. దాని ఒంటి నిండా నిలువు చారలు, వీపు రెక్క మీద ఒక నల్ల చుక్క. మూడు జాతులు పట్టానని నోట్‌బుక్‌లో గొప్పగా రాసేసుకున్నాను. ఇంతలో బకెట్లో ఉన్న వెండి చేపల్లో ఒకటి నోరు తెరిచి ఏదో కక్కింది. వంగి చూస్తే, ఒళ్లంతా అద్దంలా ఉండి కళ్లు మాత్రమే నల్లగా కనిపించే బుల్లి పిల్లలు. డజన్ల కొద్దీ. నీళ్లలో గుంపుగా తిరుగుతూ మళ్లీ తల్లి నోటి వైపే పోతున్నాయి. రాసింది కొట్టేశాను. ఐదూ ఒకటే జాతి, మొజాంబిక్ తిలాపియా. నల్లది జతకట్టే అదనులో ఉన్న మగది, వెండివి ఆడవి, చారలది వాటి పిల్లే అయి ఉండాలి.

తిలాపియా, ఆస్కార్ లాంటి చేపలు చేరే సిక్లిడ్ కుటుంబంతో వచ్చే చిక్కు ఇదే. ఈ కుటుంబంలో శాస్త్రవేత్తలు పేరు పెట్టినవే 1,700 జాతులకు పైగా ఉన్నాయి. అది చాలదన్నట్టు, ఒకే చేప భయపడితే ఒక రంగు, గుడ్లు కాస్తుంటే ఒక రంగు, చచ్చాక ఇంకో రంగు. చర్మంలోని రంగు కణాలు విచ్చుకోవడం, ముడుచుకోవడం క్షణాల్లో జరిగిపోతుంది. గాలం నుంచి విడిపించే లోపే చారలు తేలడమో మాయమవడమో మీరూ చూసే ఉంటారు. అందుకే నా పద్ధతిలో రంగుది చివరి వరస. ముందు ముక్కు, తర్వాత ముళ్లు, తర్వాత తోక, అవసరమైతే మొప్పలు. ఈ నాలుగూ చేప మూడ్‌ని బట్టి మారవు. తోక మీది చారలు కొంచెం మసకబారతాయేమో గానీ, ముళ్ల లెక్క మారదు.

గట్టుకు తెచ్చిన వెంటనే

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. చిన్న స్కేలు, ఫోన్ కెమెరా, పక్కలు పారదర్శకంగా ఉండే డబ్బా ఒకటి, పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి. ఆ పుల్ల ఎందుకో తర్వాత చెప్తాను, అన్నిటికంటే ఎక్కువ వాడేది అదే.

చేతులు తడుపుకుని చేపని పట్టుకోండి. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, తిరిగి వదిలేసినా తర్వాత పుండు పడుతుంది. వీపు ముళ్లు గుచ్చుకోకుండా ఉండాలంటే తల వైపు నుంచి తోక వైపుకి అరచేత్తో నిమురుతూ ముళ్లని పడుకోబెట్టి పట్టుకోవాలి. తోక వైపు నుంచి ముందుకి తోశారంటే ఆ గుణపాఠం రెండు రోజులు సలుపుతుంది.

లెక్కలన్నీ అక్కడే పూర్తి చేయాల్సిన పని లేదు. చేపని డబ్బాలో నీళ్లలో ఉంచి ఫొటోలు తీసుకుంటే ఇంటికెళ్లి తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. అయితే ఏ ఫొటోలు తీశామన్నదే ముఖ్యం. చేత్తో ముందుకు చాచి పట్టుకుని నవ్వుతూ తీసుకునే ఫొటో గుర్తింపుకి దాదాపు పనికిరాదు, ఎందుకంటే వేళ్లు సరిగ్గా ఆనల్ ఫిన్ (పొట్ట అడుగున, తోకకి ముందుండే రెక్క) మీదే ఉంటాయి. కావాల్సినవి ఇవి: ఎడమ పక్క నిండుగా, రెక్కలు విచ్చుకున్నట్టు ఒకటి, తల దగ్గరగా, ముక్కు రంధ్రం కనబడేలా ఒకటి, తోక రెక్కని వేళ్లతో విప్పి వెలుతురుకి అడ్డంగా పెట్టి ఒకటి, ఆనల్ ఫిన్ విప్పి ఒకటి. ఎండ నేరుగా పడితే పొలుసులు తళుక్కుమని అంతా తెల్లగా వచ్చేస్తుంది. మీ నీడలో పెట్టి తీయండి.

మొదటి అడుగు: అసలిది సిక్లిడ్డేనా?

సగం మంది ఈ అడుగు దాటేస్తారు, నేనూ చాలా కాలం దాటేశాను. ఉత్తర అమెరికా నీళ్లలో సన్‌ఫిష్‌లు, ముఖ్యంగా బ్లూగిల్, ఆకారంలో అచ్చం సిక్లిడ్‌లా ఉంటాయి. అదే గుండ్రటి ఒళ్లు, అవే ముళ్ల రెక్కలు.

తల ఒక పక్క చూడండి. కంటికీ మూతికీ మధ్య ముక్కు రంధ్రాలు ఎన్ని? చాలా చేపలకి ఒక్కో పక్క రెండేసి ఉంటాయి, నీళ్లు లోపలికి పోవడానికి ఒకటి, బయటికి రావడానికి ఒకటి. సిక్లిడ్‌కి ఒక్కో పక్క ఒక్కటే. సన్‌ఫిష్‌కి రెండు. ఇంత చిన్న గుర్తు ఇంత గట్టిగా పనిచేయడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

రెండో గుర్తు పార్శ్వ రేఖ. చేప పక్కన మొప్ప మూత నుంచి తోక దాకా సన్నటి రంధ్రాల వరస ఒకటి ఉంటుంది, నీటి కదలికల్ని పసిగట్టేది అదే. సన్‌ఫిష్‌లో అది ఒకే గీతగా సాగుతుంది. సిక్లిడ్లలో ఎక్కువ వాటికి మధ్యలో తెగుతుంది: పై ముక్క వీపుకి దగ్గరగా వచ్చి ఆగిపోతుంది, కింది ముక్క రెండు మూడు పొలుసులు దిగి ఒంటి మధ్యలో మళ్లీ మొదలై తోక దాకా పోతుంది. మెట్టు దిగినట్టు ఉంటుంది. చేపని కొంచెం వంచి వెలుతురులో తిప్పితే తెలిసిపోతుంది.

రెండూ కుదిరితే సిక్లిడ్ అని రాసుకుని ముందుకెళ్లండి.

రెండో అడుగు: ఆనల్ ఫిన్ ముళ్లు లెక్కపెట్టడం

ఒక్క అడుగే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. మలద్వారానికి వెనక, తోకకి ముందు, పొట్ట అడుగున ఉండే రెక్కే ఆనల్ ఫిన్. దాని ముందు భాగంలో గట్టి ముళ్లుంటాయి, వెనక మెత్తటి ఈనెలుంటాయి. ముల్లు కొస దాకా ఒక్కటిగా, సూదిలా ఉంటుంది. ఈనె వంగుతుంది, దానికి అడ్డంగా సన్నటి గణుపులు కనిపిస్తాయి, కొస దగ్గర చీలిపోయి ఉంటుంది.

పుల్ల బయటికి తీసేది ఇక్కడే. చేపని నీళ్లలోనే వెల్లకిలా పట్టుకుని, పుల్ల మొనతో ముందు నుంచి ఒక్కో ముల్లునీ కొద్దిగా ఎత్తుతూ లెక్కపెట్టండి. మొదటి ముల్లు చాలా పొట్టిగా, చర్మంలో సగం దాగి ఉంటుంది. కంటితో చూసి లెక్కపెట్టే వాళ్లు వదిలేసేది దాన్నే. మూడున్న చోట రెండే అని రాసుకున్న రోజులు నాకు చాలానే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లూ ఒకటే వస్తేనే నమ్మండి.

వచ్చిన అంకెతో దారి నాలుగుగా చీలుతుంది.

మూడు ముళ్లంటే ఆఫ్రికా తిలాపియాలు, జ్యూయెల్ ఫిష్‌లు, దక్షిణ అమెరికా ఆస్కార్లు, పీకాక్ బాస్‌లు. నాలుగుంటే బ్లాక్ అకారాని అనుమానించాలి. దాని శాస్త్రీయ నామం సిక్లసోమా బైమాక్యులేటం. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది వచ్చాయంటే దాదాపుగా మధ్య అమెరికా సిక్లిడ్లు: మాయన్, మిడాస్, జాగ్వార్, రియో గ్రాండే వగైరా. ఇక పన్నెండో పదమూడో వచ్చాయా, అది ఇంకెవరూ కాదు, భారతదేశం, శ్రీలంక నీళ్లలో పుట్టిన పెర్ల్ స్పాట్ వంశమే. కేరళలో కరిమీన్ అనేది దాన్నే. తిలాపియా పిల్లకీ కరిమీన్ పిల్లకీ తేడా తెలియక వాదించుకునే వాళ్లని చూశాను. ఉప్పుటేరు లాంటి చోట రెండూ కలిసే దొరుకుతాయి, రెండింటికీ చారలుంటాయి. ముళ్లు లెక్కపెడితే మూడుకీ పన్నెండుకీ మధ్య వాదనకి చోటే లేదు.

ఒక జాగ్రత్త. మొజాంబిక్ తిలాపియాలో అరుదుగా నాలుగో ముల్లు కనిపిస్తుంది. మిగతా గుర్తులన్నీ తిలాపియానే చూపిస్తూ ముల్లు ఒక్కటే ఎక్కువైతే, అదే నీళ్లలో పడిన ఇంకో రెండు చేపల్ని కూడా లెక్కపెట్టండి.

మూడో అడుగు: మూడు ముళ్లు, తిలాపియా ఆకారం. ఇక తోక చూడండి

ఎక్కువ తగాదాలు ఇక్కడే, కాబట్టి ఎక్కువసేపు ఇక్కడే ఆగుదాం. తిలాపియా అనేది ఒక చేప పేరు కాదు, ఓ పెద్ద ఉమ్మడి కుటుంబం ఇంటిపేరు లాంటిది. 1983లో ఎథెల్విన్ ట్రెవావస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఇవి పిల్లల్ని ఎలా పెంచుతాయన్న దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వీటిని విడదీశారు. తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని పొదిగేవి ఒరియోక్రోమిస్. తండ్రి గానీ ఇద్దరూ గానీ నోట్లో పొదిగేవి సారోథెరోడాన్. నేల మీదో రాయి మీదో గుడ్లు పెట్టి కాపలా కాసేవి తిలాపియా. ఆ చివరి గుంపుని 2013లో మళ్లీ విడగొట్టాక కాప్టోడాన్, పెల్మాటోలాపియా లాంటి పేర్లు వచ్చాయి. పాత పుస్తకంలో తిలాపియా జిల్లీ అనీ, కొత్త దాంట్లో కాప్టోడాన్ జిల్లీ అనీ ఉంటే టెన్షన్ పడకండి, చేప ఒకటే.

గాలానికి తరచుగా పడేవి మూడు ఒరియోక్రోమిస్‌లు: నైల్, బ్లూ, మొజాంబిక్. తోక రెక్కని బొటనవేలు, చూపుడువేలితో పూర్తిగా విప్పి ఆకాశం వైపు ఎత్తి చూడండి.

నైల్ తిలాపియా తోక మీద సన్నటి నిలువు చారలు వరసగా, రూళ్లు గీసినట్టు ఉంటాయి. మొదలు నుంచి అంచు దాకా, పై కొస నుంచి కింది కొస దాకా అన్నీ క్రమంగా. ఈ జాతికి ఇంతకు మించిన గుర్తు లేదు. ఏవో మచ్చలు అక్కడక్కడ కలిసి చారలా కనిపిస్తే అది లెక్కలోకి రాదు. వరస ఉండాలి. మరీ చిన్న పిల్లల్లో చారలు మసకగా ఉంటాయి కాబట్టి అరచేతి కంటే చిన్న చేపతో పందెం కాయకండి.

బ్లూ తిలాపియా తోక మీద అలాంటి వరస చారలుండవు. దాని బదులు తోక చివరి అంచు వెడల్పుగా గులాబీ నుంచి ఎరుపు రంగులో ఉంటుంది. జతకట్టే మగదానికి తల మెరిసే నీలంలోకి తిరిగి, వీపు రెక్క అంచు కుంకుమ రంగుకి వస్తుంది. ఆ దశలో దొరికితే గుర్తుపట్టడానికి పుస్తకం అక్కర్లేదు. మిగతా రోజుల్లో బూడిద రంగు చేపే.

మొజాంబిక్ తిలాపియా తోక మీద కూడా వరస చారలుండవు. జతకట్టే మగది నల్లగా, తల అడుగు భాగం తెల్లగా, వీపు రెక్కకీ తోకకీ ఎర్రటి అంచుతో ఉంటుంది. అసలు చూడాల్సింది దాని మూతి. ఎదిగిన మగదాని దవడలు పెద్దవై, పెదాలు లావెక్కి, తలని పక్క నుంచి చూస్తే నుదుటి గీత లోపలికి వంగి, ముక్కు కొస ముందుకు సాగినట్టు కనిపిస్తుంది. ఎవరో మూతిని పట్టుకుని లాగినట్టుంటుంది. నైల్, బ్లూ మగవాటికి ఈ వంపు ఉండదు. ఆడవాటికీ, అదను కాని మగవాటికీ వెండి ఒంటి మీద రెండు నుంచి ఐదు దాకా మసక మచ్చలు ఒక వరసలో ఉంటాయి.

బ్లూ ఆడదీ మొజాంబిక్ ఆడదీ పక్కపక్కన పెడితే? నిజం చెప్పాలంటే బయటి నుంచి చూసి తేల్చడం కష్టం. తోక అంచు గులాబీ కొంత సాయం చేస్తుంది. అంతకు మించి కావాలంటే మొప్పల్లోకి వెళ్లాలి.

మొప్పల లెక్క, కూరకి తీసుకెళ్లే చేపలకి మాత్రమే

వదిలేసే చేపకి ఇది చేయకండి. మొప్పలు తడిమితే చేప బతకదు. తినడానికి ఉంచుకున్న దాని మీద చేయండి.

ఎడమ మొప్ప మూత ఎత్తండి. లోపల ఎర్రటి కుచ్చులు మోసే ఎముక కమాన్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి కమాను లోపలి అంచున, కుచ్చులకి ఎదురు వైపు, దువ్వెన పళ్లలా చిన్న ముళ్లు ఉంటాయి. వీటిని గిల్ రేకర్స్ అంటారు. కమాను ఎల్ ఆకారంలో వంగే చోటు నుంచి కింది భాగంలో ఉన్నవాటిని మాత్రమే లెక్కపెట్టాలి. కమానుని కత్తిరించి తెల్ల పళ్లెంలో పెట్టుకుని పుల్లతో ఒక్కోటీ తడితే పొరపాటు తగ్గుతుంది.

మొజాంబిక్‌లో కింది భాగంలో 14 నుంచి 20 దాకా వస్తాయి. నైల్‌లో సాధారణంగా 20 దాటతాయి. బ్లూ తిలాపియా 18 నుంచి 26 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి 16 వస్తే బ్లూ కాదని తేలుతుంది, 24 వస్తే మొజాంబిక్ కాదని తేలుతుంది, 19 వస్తే ఏమీ తేలదు. కాప్టోడాన్లలో లెక్క ఠక్కున పదికి అటూ ఇటూ పడిపోతుంది. కారణం వాటి తిండిలోనే ఉంది. నీళ్లలో తేలే సన్నటి నాచునీ సూక్ష్మజీవుల్నీ వడకట్టుకునే చేపకి దువ్వెన దగ్గరగా ఉండాలి. మొక్కల ఆకులు కొరికి తినే కాప్టోడాన్‌కి అంత సన్న జల్లెడ అక్కర్లేదు.

కాప్టోడాన్లు, స్పాటెడ్ తిలాపియా

తిలాపియా పిల్లలన్నిటికీ వీపు రెక్క వెనక భాగం మొదట్లో ఒక నల్ల చుక్క ఉంటుంది, నా బకెట్లోని పిల్లకి ఉన్నది అదే. ఒరియోక్రోమిస్‌లో ఎదిగే కొద్దీ అది చెరిగిపోతుంది. కాప్టోడాన్లలో పెద్దయ్యాక కూడా మిగులుతుంది. పెద్ద చేప, నల్ల చుక్క స్పష్టంగా ఉంది, పొట్ట అడుగు ఎర్రగా ఉంది అంటే రెడ్‌బెల్లీ తిలాపియా, అంటే కాప్టోడాన్ జిల్లీ అని అనుమానించొచ్చు. దీని జంట లాంటిది రెడ్‌బ్రెస్ట్ తిలాపియా, కాప్టోడాన్ రెండల్లి. ఈ రెండింటినీ విడదీయడానికి మళ్లీ తోకే దిక్కు. రెండల్లిలో తోక అడ్డంగా రెండు భాగాలైనట్టు ఉంటుంది: పై సగం గోధుమ రంగులో చుక్కలతో, కింది సగం పసుపు లేదా ఎరుపు. జిల్లీ తోకంతా ఒకే తీరుగా బూడిద రంగులో చుక్కలతో ఉంటుంది.

స్పాటెడ్ తిలాపియా, పెల్మాటోలాపియా మారియే, పశ్చిమ ఆఫ్రికా తీర ప్రాంతపు చేప. పిల్లప్పుడు ఎనిమిది తొమ్మిది నిలువు చారలు. పెద్దయ్యాక చారలు సన్నగిల్లి ఒంటి మధ్య గీత మీద ఐదారు చదరపు నల్ల మచ్చలు మిగులుతాయి. దీని పిల్లని మాయన్ సిక్లిడ్ అనుకునే వాళ్లు చాలా మంది. ముళ్లు మూడా ఆరా అని చూస్తే పని అయిపోతుంది.

ఉప్పు తగిలే నీళ్లలో పడితే బ్లాక్‌చిన్ తిలాపియాని కూడా గుర్తుపెట్టుకోండి. పేరులోనే ఉంది, ఎదిగిన వాటికి గడ్డం కింద నల్ల మచ్చ. ఇది సారోథెరోడాన్, ఇందులో గుడ్లు నోట్లో మోసేది తండ్రి.

మూడు ముళ్లే, కానీ తిలాపియా ఆకారం కాదు

తోక దగ్గర కన్నులాంటి మచ్చ ఉంటే రెండే ప్రధాన అనుమానాలు. ఆస్కార్‌కి ఆ మచ్చ తోక మొదట్లో, ఒంటి మీద ఉంటుంది, చుట్టూ నారింజ వలయంతో. ఒళ్లు మందంగా, వీపు రెక్క, ఆనల్ ఫిన్ వెనక భాగాలు పొలుసులతో కప్పుకుని కండ పట్టినట్టు ఉంటాయి. తోక గుండ్రం. పీకాక్ బాస్‌కి మచ్చ తోక రెక్క మీదే ఉంటుంది. ఒళ్లు పొడవు, నోరు పెద్దది, వీపు రెక్కలో ముళ్ల భాగానికీ మెత్తటి భాగానికీ మధ్య లోతైన గాడి. ఈ రెండింటినీ ఒకసారి పక్కపక్కన చూస్తే మళ్లీ పొరబడరు.

కష్టమంతా పీకాక్ బాస్‌లలో వాటిలో వాటికి. 2006లో వచ్చిన ఒక సమీక్షలో ఈ ప్రజాతిని 15 జాతులుగా లెక్కేశారు. తర్వాత జన్యువుల ఆధారంగా వాటిలో కొన్నిటిని కలిపేయాలన్న వాళ్లూ ఉన్నారు. గాలం వేసేవాళ్లకి పనికొచ్చే గుర్తు కంటి వెనక ఉంది. మొప్ప మూత మీద, కంటి వెనక నల్లటి పట్టీలు ముక్కలు ముక్కలుగా ఉంటే సిక్లా టెమెన్సిస్, అంటే స్పెకిల్డ్ పీకాక్ వైపు మొగ్గాలి. అవి లేకుండా చెంప నున్నగా ఉండి పక్కన మూడు నల్ల చారలో మచ్చలో ఉంటే బటర్‌ఫ్లై పీకాక్, సిక్లా ఒసెల్లారిస్ గుంపు.

టెమెన్సిస్ కథ ఒకటి చెప్పాలి. అమెజాన్‌లో దీనికి రెండు వేషాలు. ఒకటి ముదురు ఒంటి మీద తెల్లటి చుక్కల వరసలతో ఉంటుంది, రెండోది పసుపు పచ్చటి ఒంటి మీద మూడు నల్లటి అడ్డపట్టీలతో. అక్కడ వీటికి రెండు వేర్వేరు పేర్లు, పాకా, అసు. రెండూ వేర్వేరు జాతులని చాలా మంది నమ్మేవారు. తీరా చూస్తే ఒకే చేప: గుడ్లు పెట్టే కాలం కాకపోతే చుక్కలు, ఆ కాలం దగ్గరపడే కొద్దీ చుక్కలు మాసి పట్టీలు తేలతాయి. మధ్య దశలో రెండూ కలిసి కనిపించే చేపలూ ఉంటాయి. మగవాటి నుదుటి మీద మూపురం కూడా అంతే, అదనులో ఉబ్బుతుంది, తర్వాత దిగిపోతుంది. మూపురాన్ని చూసి జాతి పేరు రాయకండి.

జ్యూయెల్ ఫిష్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చిన్న చేప, ఎర్రటి ఒళ్లు, నీలి మెరుపులు, మొప్ప మూత మీద ఒకటి, పక్కన ఒకటి నల్ల మచ్చ.

ఐదు పైన ముళ్లున్నవి

మాయన్ సిక్లిడ్‌కి ఆనల్ ముళ్లు ఎక్కువగా 6, ఒంటి మీద సాధారణంగా ఏడు ముదురు చారలు, తోక మొదట్లో నీలి వలయంతో నల్ల కన్ను. దీని శాస్త్రీయ నామంలోని యూరోఫ్తాల్మస్ అంటే తోక కన్ను అనే. చారలు మాసినా ఆ కన్ను మిగులుతుంది. పిల్లల్లో బ్లాక్ అకారాతో పొరబడే ప్రమాదం ఉంది. అకారాకి ఒంటి మధ్యలో ఒక మచ్చ, తోక మొదట్లో ఒకటి, కంటి నుంచి సాగే ముదురు గీత, ముళ్లు నాలుగే.

రియో గ్రాండే సిక్లిడ్‌ని ఒంటి నిండా చల్లినట్టున్న బుల్లి నీలి తెలుపు చుక్కలు పట్టిస్తాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో సహజంగా పుట్టిన ఏకైక సిక్లిడ్ ఇదే. గుడ్లు కాసేటప్పుడు ముందు సగం తెల్లబడి, వెనక సగం నల్లబడుతుంది. ఆ వేషంలో చూస్తే వేరే చేప అనిపిస్తుంది.

జాగ్వార్‌కి నోరే గుర్తు: పెద్దది, ఏటవాలు, కింది దవడ ముందుకు. పెద్దవాటి ఒంటి మీద నల్లటి మచ్చలు చిరుత చర్మంలా గజిబిజిగా అల్లుకుని ఉంటాయి, పిల్లల్లో మచ్చలు పక్కన ఒకే వరసలో ఉంటాయి. ఆనల్ ముళ్లు 6 నుంచి 8.

మిడాస్, రెడ్ డెవిల్ విషయంలో మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు, మీరూ పెట్టుకోకండి. రెండూ నికరాగువా సరస్సుల చేపలు. రెండింట్లోనూ చారల బూడిద రంగువీ, బంగారు నారింజ రంగువీ ఉంటాయి. రెడ్ డెవిల్ కాస్త పొడవుగా, మూతి కోసుగా, పెదాలు లావుగా ఉంటుందంటారు. మిడాస్ బండగా, ఎత్తుగా. కానీ పెంపకంలో పెరిగిన రెడ్ డెవిల్‌కి ఆ లావు పెదాలు సన్నబడతాయి. అక్వేరియం నుంచి వదిలేసిన చేపల సంతతి తిరిగే నీళ్లలో ఈ రెండింటి సంకరాలే ఎక్కువ అనుకోవాలి. 1990లలో మలేషియాలో తయారైన ఫ్లవర్‌హార్న్ కూడా ఈ వంశాల కలయికే. నుదుటి మీద బంతిలా బుడిపె, పక్కన రాతల్లాంటి నల్ల మచ్చలు ఉన్న చేప పడితే దానికి అడవిలో ఊరూ పేరూ ఉండవు. ఫ్లవర్‌హార్న్ అని రాసి వదిలేయండి.

పన్నెండు పైన ముళ్లున్న వాటిలో పెర్ల్ స్పాట్ పెద్దది, పచ్చబూడిద ఒళ్లు, పొలుసుల మీద ముత్యాల్లాంటి చుక్కలు. ఆరెంజ్ క్రోమైడ్ అరచేతిలో సగం, పసుపు రంగు, పక్కన నల్ల మచ్చ.

ఎక్కడ ఆగాలి

నైల్, బ్లూ, మొజాంబిక్ మూడూ ఒకదాంతో ఒకటి జతకడతాయి, పుట్టిన పిల్లలకి మళ్లీ పిల్లలు పుడతాయి. పెంపకం కోసం కావాలని కలిపినవీ ఉన్నాయి. ఎర్ర తిలాపియా అలా వచ్చిందే, దాన్ని జాతి పేరుతో పిలవడం కుదరదు. తోక మీద సగం చారలు, మూతి సగం వంపు, రేకర్స్ 19. ఇలాంటి చేపకి ఒరియోక్రోమిస్ సంకరం అని రాయడమే సరైన జవాబు. పేరు పెట్టకపోతే ఓడిపోయినట్టు అనుకుని బలవంతంగా ఒక జాతిని అంటగట్టిన రికార్డు కంటే ఇది ఎంతో మెరుగు.

ఈ గోలంతా ఎందుకు అంటే, కొన్ని నీళ్లలో పేరుని బట్టే రూలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో తిలాపియా పడితే ఉంచుకోకూడదు, తిరిగి నీళ్లలో వదలకూడదు, ఎరగా వాడకూడదు. బాధ లేకుండా చంపి నీళ్లకి దూరంగా పారేయాలి. చచ్చిన ఆడదాని నోట్లో కూడా గుడ్లూ పిల్లలూ బతికి ఉండొచ్చు కాబట్టే అంత కట్టడి. దక్షిణ ఆఫ్రికాలో లింపోపో నదిలో సంగతి తలకిందులు. అక్కడ మొజాంబిక్ తిలాపియా సొంత ఊరి చేప, బయటి నుంచి వచ్చిన నైల్ దానితో కలిసి జాతినే కలుషితం చేస్తోంది. ప్రపంచంలో అతి చెడ్డ వంద దురాక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొజాంబిక్‌కే, పుట్టింట్లో ఉనికి ముప్పు. ఫ్లోరిడాలో పీకాక్ బాస్‌కి పరిమితి ఉంది, పక్కనే తిరిగే మాయన్‌కి లేదు. మీరు గాలం వేసే చోట రూలేంటో ముందే తెలుసుకోండి. ఏదైనా సరే, ఒక నీళ్లలో పట్టిన సిక్లిడ్‌ని ప్రాణంతో ఇంకో నీళ్లలోకి మోసుకెళ్లకండి.

నోట్‌బుక్‌లో పేరు పక్కన ఆ పేరు ఎందుకు రాశారో కూడా రాయండి. ఆ రోజు నేను కొట్టేసిన పేజీ కింద తర్వాత ఇలా రాసుకున్నాను: "ఐదింటికీ ముక్కు రంధ్రం ఒక్కో పక్క ఒకటి. ఆనల్ ముళ్లు 3, రెండుసార్లు లెక్కపెట్టాను. నాలుగు పెద్దవాటికీ తోక చారల్లేవు, గులాబీ అంచు లేదు. నల్ల మగదానికి నుదురు లోపలికి వంపు, రేకర్స్ 17. వెండిదాని నోట్లో పిల్లలు. వేలెడంతది వీటి పిల్లే అని ఊహ, ఖాయం కాదు."